పోలీసు రిజిస్టరు నుంచి పొదుపు పుస్తకం దాకా

ప్రతి ఏడాది మన సమాఖ్య నివేదికలో చరిత్ర అని ఒక భాగం ఉంటుంది. అందులో ఎప్పుడూ మన గురించే రాసుకుంటాం. ఎన్ని సంఘాలతో మొదలుపెట్టాం, మొదటి అధ్యక్షురాలు ఎవరు, మొదటి బ్యాంకు లింకేజీ ఎంత వచ్చింది, సమాఖ్య గదికి జాగా ఎట్లా దొరికింది. చదివీ చదివీ మీకందరికీ నోటికి వచ్చి ఉంటుంది. ఈసారి కార్యవర్గం మీటింగులో వేరే మాట వచ్చింది. ఈ ఏడాది మనలో కొత్తగా చేరిన ట్రాన్స్‌జెండర్ అక్కల సంఘం గురించి రాయమన్నారు. వాళ్ల ఇళ్లున్న గల్లీ మా సంఘం పక్కనే కాబట్టి రాసే పని మాకు పడింది. మాలో ఎక్కువ చదివింది పదో తరగతే. తప్పులుంటే సర్దుకోండి.

ముందు ఒక సంగతి చెప్పాలి. సంఘంలో చేర్చుకునే రోజు మేము మన పద్ధతి ప్రకారం సభ్యత్వ ఫారాలు, కొత్త మినిట్స్ పుస్తకం పట్టుకుని పోయాం. చాప వేసి కూర్చోబెట్టారు, చాయ్ ఇచ్చారు. పెన్ను తీసి మొదటి పేరు అడిగేసరికి వాళ్లలో పెద్దామె పుస్తకం మీద చెయ్యి పెట్టేసింది. అందరూ ఆమెను నానీ అంటారు. వాళ్లలో గురువుకు గురువైన మనిషిని అట్లా పిలుస్తారు. "పేర్లు ఎందుకు రాస్తున్నరు? రాసినంక ఈ పుస్తకం ఎవరికిస్తరు?" అని అడిగింది. మాకు కోపం వచ్చింది. సాయం చేద్దామని వస్తే మమ్మల్నే అనుమానిస్తదేంది అనుకున్నాం. ఆమె ఎందుకు అట్లా అడిగిందో తెలియడానికి మాకు చాలా రోజులు పట్టింది. అది తెలిసిన తర్వాత రాస్తున్న చరిత్ర ఇది.

మన ఇళ్లలో పాత పహాణీ కాగితాలుంటే వాటి మీద ఫసలీ అని ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే మనం వాడే సంవత్సరం వస్తుంది. 1329 ఫసలీలో, అంటే 1919లో, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, హైదరాబాద్ రాజ్యంలో ఒక చట్టం వచ్చింది. దాని పేరు యూనక్స్ యాక్ట్, అంటే నపుంసకుల చట్టం. హైదరాబాద్ నగరంలో ఉండే హిజ్రాలలో ఎవరి మీద అనుమానం ఉంటే వాళ్ల పేర్లు, వాళ్ల ఇళ్లు ఒక రిజిస్టరులో రాయాలని ఆ చట్టం. ఏం అనుమానం? పిల్లలను ఎత్తుకుపోతారని, మగపిల్లలను కోసి తమలో కలుపుకుంటారని, ఇంకా వేరే నేరాలు చేస్తారని. నేరం రుజువు కానక్కరలేదు. అనుమానం ఉంటే చాలు, పేరు ఎక్కుతుంది.

పేరు ఎక్కిన తర్వాత కథ వేరే. రిజిస్టరులో ఉన్న మనిషి చీర కట్టుకునో, నగలు పెట్టుకునో వీధిలో కనిపిస్తే వారెంటు లేకుండా పట్టుకుపోవచ్చు. వీధిలో పాడినా, ఆడినా, నలుగురికీ వినోదం చేసినా అంతే. రెండేళ్ల దాకా జైలు, లేకపోతే జరిమానా, లేకపోతే రెండూ. ఇంట్లో 16 ఏళ్ల లోపు మగపిల్లవాడు ఉన్నా అదే శిక్ష. అంటే పుట్టింటివాళ్లు వెళ్లగొట్టిన పిల్లవాడికి అన్నం పెట్టి పడుకోబెట్టినా నేరమే. ఆలోచించండి. వాళ్ల బతుకు ఉన్నదే ఆటపాటలో. బిడ్డ పుట్టిన ఇంటికి, పెళ్లి జరిగిన ఇంటికి వచ్చి దీవించి బధాయి తీసుకోవడమే వాళ్ల జీవనం. ఆ జీవనాన్నే నేరం చేసేశారు.

ఈ ఆలోచన నిజాంది కాదు, తెల్లదొరలది. 1871లో వాళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. కొన్ని కులాలను పుట్టుకతోనే దొంగలని రాశారు. అదే చట్టంలో రెండో భాగం హిజ్రాల మీద. ఉత్తరాదిన వాళ్ల పేర్లు రిజిస్టరులో రాసి, వీలునామా రాయకూడదని, దత్తత తీసుకోకూడదని కట్టడి పెట్టారు. మన సమాఖ్యలో ఎరుకల అక్కలున్నారు. ఈ మాట మీటింగులో చదివినప్పుడు వాళ్లే ముందు అర్థం చేసుకున్నారు. 1911 చట్టంతో మద్రాసు రాజ్యంలో ఎరుకలవాళ్లను కూడా ఇట్లనే లెక్కలు కట్టి, పోలీసుల దగ్గర హాజరు వేయించి, సెటిల్‌మెంట్లలో పెట్టారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అట్లా కట్టిందే. "మా తాత రాత్రిపూట ఊరు దాటాలంటే చీటీ కావాల్సి ఉండె" అని ఒక అక్క చెప్పింది. ఆ నేరస్థ తెగల చట్టాన్ని 1952లో ఎత్తేశారు. హైదరాబాద్ హిజ్రాల చట్టాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. నిజాం పోయాడు, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది. ఆ చట్టం పేరు ముందు మాటలు మారాయి తప్ప చట్టం అట్లనే ఉంది.

ఇప్పుడు నానీ చెయ్యి పుస్తకం మీదికి ఎందుకు వచ్చిందో మీకు తెలిసి ఉంటుంది. ఆమె ఆ చట్టం చదవలేదు. చట్టం పేరు కూడా ఆమెకు తెలియదు. కానీ ఆమె గురువు ఆమెకు చెప్పింది, ఆ గురువుకు వాళ్ల గురువు చెప్పింది: పేరు రాయించుకోవద్దు, ఫొటో ఇవ్వద్దు, వేలిముద్ర వెయ్యద్దు. మన ఇండ్లలో అమ్మలు చెప్పే జాగ్రత్తల లాంటిదే ఇది.

అయితే పేరు రాయకుండా వాళ్లు కలిసికట్టుగా లేరా అంటే ఉన్నారు. గురువు, చేలా అని వాళ్లకొక కుటుంబం ఉంది. చేలాలు సంపాదనలో కొంత గురువుకు ఇస్తారు. రోగమొస్తే గురువు చూసుకుంటుంది, చనిపోతే సాగనంపే ఖర్చు ఇల్లంతా పంచుకుంటుంది. ఒక రకంగా మన సంఘం కంటే పాతది. అంతా బంగారమని మేము అనం. ఒక గురువును వదిలి ఇంకో గురువు దగ్గరికి పోవాలంటే దండు కట్టాలి. ఆ దండు అప్పుగా మెడకు చుట్టుకున్నవాళ్లు ఉన్నారు. పెద్దామె మాటకు ఎదురు చెప్పే వీలు తక్కువ. మన దగ్గర రెండేళ్లకోసారి లీడర్లను మారుస్తాం, అక్కడ అట్లా కాదు. ఈ సంగతి ఆ అక్కలే మాతో అన్నారు కాబట్టి రాస్తున్నాం.

రెండోసారి వాళ్ల పేర్లు పుస్తకాలకెక్కింది ఎయిడ్స్ వచ్చినప్పుడు. 2003లో గేట్స్ ఫౌండేషన్ వాళ్లు అవాహన్ అనే పెద్ద కార్యక్రమం మొదలుపెట్టారు. ఆరు రాష్ట్రాలలో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పుడు వాళ్లలోంచే మనుషులను ఎంచుకుని పీర్ ఎడ్యుకేటర్లు అన్నారు. మన ఆర్‌పీ అక్కల లాగ అనుకోండి. రాత్రిపూట బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, పార్కుల దగ్గర తిరిగి కండోములు పంచడం, పరీక్షలకు తీసుకుపోవడం, మందులు మానకుండా చూడటం వాళ్ల పని. ఇచ్చేది చాయ్ ఖర్చులకు సరిపోయే గౌరవ వేతనం. సంచిలో కండోములు ఉన్నాయని పోలీసులే పట్టుకుని కొట్టిన రోజులున్నాయని మన సంఘంలోని ఇద్దరు వాలంటీర్ అక్కలు చెప్పారు. వాళ్లిద్దరూ ఆ పని నుంచి వచ్చినవాళ్లే.

ఆ ప్రాజెక్టులలో లైన్ లిస్టు అని ఉంటుంది. ఎవరెవరు ఉన్నారు, ఎప్పుడు పరీక్ష చేశారు, అన్నీ రాసి ఒక్కొక్కరికి ఒక నంబరు వేస్తారు. మంచికే రాశారు. ఆ పని వల్ల ఎంతమంది ప్రాణాలు నిలిచాయో ఆ అక్కలకు తెలుసు. కానీ వాలంటీర్ అక్క ఒక మాట అంది: "ముందు నేరం లెక్కల మా పేరు రాసిండ్రు. తర్వాత రోగం లెక్కల రాసిండ్రు. ప్రాజెక్టు అయిపోయినంక ఆ పుస్తకాలు ఏడ పోయినయో మాకు ఎవ్వరూ చెప్పలే." మాకు దీనికి జవాబు దొరకలేదు.

అయినా ఆ ప్రాజెక్టు వల్ల ఒక లాభం జరిగింది. అంతకు ముందు ఒక్కొక్క గురువు ఇల్లు ఒక్కొక్క ఊరు లాగ ఉండేది. ఈ పని మీద తిరిగినవాళ్లు అన్ని ఇళ్లకూ పోయారు. స్టేషనుకు పోయి మాట్లాడటం, ఆసుపత్రిలో చీటీ రాయించడం, దరఖాస్తు నింపడం నేర్చుకున్నారు. దూబగుంటలో సారా మీద ఆడవాళ్లు లేచింది అక్షర దీపం చదువు తర్వాతే కదా. రాత్రి బడికి పోయినవాళ్లే ముందు నిలబడ్డారు. 1992లో వర్ధినేని రోశమ్మ వంటివాళ్లు నడిపిన ఆ ఉద్యమం తర్వాతే నెల్లూరు జిల్లాలో రోజుకు రూపాయి పొదుపు మొదలై మనదాకా వచ్చింది. ఎవరో ఇంకో పని కోసం నేర్పిన చదువు మనకు వేరే పనికి అక్కరకొచ్చింది. వీళ్లకూ అట్లనే అయింది.

ఎల్‌జీబీటీ అంటే హిజ్రాలేనా అని మన మీటింగులో చాలామంది అడిగారు. కాదు. ఆడదాన్నే ఇష్టపడే ఆడవాళ్లు, మగవాణ్ణే ఇష్టపడే మగవాళ్లు, ఇద్దరినీ ఇష్టపడేవాళ్లు, పుట్టినప్పుడు ఆడ అనో మగ అనో రాసింది తమది కాదని తెలుసుకున్నవాళ్లు, అందరూ అందులో ఉన్నారు. ఈ ముక్క చెప్పేటప్పుడు మేము తల వంచుకుని గబగబా చెప్పేశాం. అప్పుడు వెనక కూర్చున్న ఒక వృద్ధ సభ్యురాలు "మా చిన్నప్పుడు మా ఊర్ల ఇద్దరు ఆడోళ్లు ఒక్క ఇంట్ల బతికిండ్రు, ఎవ్వరేమన్లే" అంది. ఇంకెవరూ ఏమీ అనలేదు. ఆడపిల్లల సంగతి మనకు ఎందుకు కనిపించలేదంటే, ఇల్లు దాటనిస్తేనే కదా కనిపించేది. హిజ్రాలను ఇంట్లోంచి వెళ్లగొడతారు. ఆడపిల్లకైతే పెళ్లి చేసేస్తారు.

అట్లాంటి ఆడవాళ్లు కలకత్తాలో ఒక సంఘం పెట్టుకున్నారు. 1998లో ఫైర్ అనే సినిమా మీద గొడవలు జరిగాయి. ఆ తర్వాత 1999 జూన్‌లో ఆరుగురు ఆడవాళ్లు కలిసి శాఫో అని పెట్టుకున్నారు. ఆరుగురే. మన సంఘం కట్టాలంటే పదిమంది కావాలి. వాళ్లకు ఆఫీసు లేదు, జీతం లేదు. అదే ఏడాది జులై 2న అదే కలకత్తాలో 15 మంది పసుపు టీషర్టులు వేసుకుని స్నేహ నడక అని నడిచారు. ఈ రోజు పెద్ద పెద్ద ఊళ్లలో ఏటా వేలమంది నడిచే ప్రైడ్ నడకలకు మన దేశంలో అదే మొదలు. హైదరాబాద్‌లో అది 2013 ఫిబ్రవరిలో జరిగింది.

వాళ్ల నెత్తి మీద ఇంకో పాత చట్టం ఉండేది. 1860 నాటి శిక్షాస్మృతిలో 377వ సెక్షన్. ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడి కలిసి ఉన్నా నేరమే అది. 2009 జులై 2న, అంటే కలకత్తా నడక జరిగి సరిగ్గా పదేళ్లకు, ఢిల్లీ హైకోర్టు అది చెల్లదంది. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. 2018 సెప్టెంబరు 6న అయిదుగురు జడ్జీలు కూర్చుని పెద్దవాళ్లు ఇష్టపడి ఉంటే నేరం కాదని చెప్పారు. ఒకసారి ఇచ్చి, లాక్కుని, మళ్లీ ఇచ్చారు.

ట్రాన్స్‌జెండర్లకు పెద్ద తీర్పు దానికంటే ముందు, 2014 ఏప్రిల్ 15న వచ్చింది. నల్సా తీర్పు అంటారు. తాను ఆడో, మగో, మూడో లింగమో చెప్పుకునే హక్కు ఎవరిది వారిదేనని సుప్రీంకోర్టు చెప్పింది. తర్వాత 2019లో పార్లమెంటు చట్టం చేసింది. దాని ప్రకారం కలెక్టరు గుర్తింపు పత్రం ఇస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 నుంచే వాళ్లకు పింఛను మొదలైంది. 2024 జులై నుంచి అది నెలకు 4,000 రూపాయలు.

తీర్పు కాగితం మీద ఉంటే సరిపోదు కదా, దాన్ని పట్టుకుని తిరిగే మనిషి ఉండాలి. హైదరాబాద్‌లో 2015 మొదట్లో ఒక ట్రాన్స్ మహిళ హత్య జరిగింది. అప్పుడు వేరే వేరే ఇళ్లవాళ్లు, చదువుకున్నవాళ్లు, చదువులేనివాళ్లు ఒక్కటై తెలంగాణ హిజ్రా ఇంటర్‌సెక్స్ ట్రాన్స్‌జెండర్ సమితి పేరుతో బయటికొచ్చారు. జీతాలిచ్చే ప్రాజెక్టు ఏదీ లేదు. పగలు ఎవరి పని వాళ్లు చేసుకుని, ఎవరినైనా కొట్టారని ఫోనొస్తే ఆటో మాట్లాడుకుని స్టేషనుకు పోయేవాళ్లు. ఆ వాలంటీర్లలో పేరు వినిపించిన ఒకామె వైజయంతి వసంత మొగ్లి. 2018లో ఆమె, ఇంకొందరు కలిసి ఆ 1919 నాటి చట్టం మీద హైకోర్టులో కేసు వేశారు. ఇంకా అది బతికే ఉందని చాలామందికి అప్పుడే తెలిసింది.

కేసు నడుస్తుండగా కరోనా వచ్చింది. 2020 మార్చిలో హైదరాబాద్‌లో కొన్నిచోట్ల గోడ పత్రాలు వెలిశాయి. హిజ్రాలను షాపుల దగ్గరికి రానివ్వద్దు, వాళ్లతో మాట్లాడితే కరోనా వస్తుందని వాటి మీద రాసి ఉంది. 1919లో అనుమానం అన్నది చట్టంలో ఉంటే, 2020లో గోడ మీద ఉంది. మన బస్తీలో ఆ కాగితాలు లేవు. కానీ లాక్‌డౌన్‌లో రేషన్ బియ్యం పంచినప్పుడు ఆ గల్లీలో చాలామందికి కార్డులు లేవు, మేము కార్డున్న ఇళ్లకే ఇచ్చి వచ్చాం. ఆ గల్లీకి మాస్కులు కూడా పంచలేదు. వాళ్ల వాలంటీర్లే ఎక్కడెక్కడో అడిగి తెచ్చి పంచుకున్నారు. ఇది మన పాత నివేదికల్లో రాసి లేదు. ఆ ఏడాది నివేదికలో బస్తీ అంతటికీ సేవ చేశామని రాసుకున్నాం.

2023 జులై 6న తెలంగాణ హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. రాజ్యాంగానికి విరుద్ధమని, మనిషి గౌరవానికి, సమానత్వానికి విరుద్ధమని చెప్పింది. ఆసరా పింఛను వాళ్లకూ వర్తింపజేయమంది. 1919 నుంచి లెక్కేస్తే 104 ఏళ్లు. అదే నగరంలో ఉస్మానియా ఆసుపత్రిలో అప్పటికే ఇద్దరు ట్రాన్స్ మహిళలు డాక్టర్లుగా చేరి ఉన్నారు. 2024 డిసెంబరులో ట్రాఫిక్ పోలీసులకు సాయంగా ట్రాన్స్‌జెండర్లను తీసుకున్నారు. ఒకప్పుడు వీధిలో చీర కట్టుకుని కనిపిస్తే పట్టుకెళ్లిన నగరంలోనే చౌరస్తాలో బండ్లను ఆపమని యూనిఫారం ఇచ్చారు. నానీకి ఫోనులో ఆ ఫొటో చూపిస్తే చాలాసేపు చూసింది.

ఇక్కడ మనకు పనికొచ్చే ఇంకో సంగతి ఉంది. హైదరాబాద్ నారాయణగూడలో 2021లో మిత్ర్ క్లినిక్ అని ట్రాన్స్‌జెండర్ల కోసం, వాళ్లే నడిపే దవాఖానా పెట్టారు. దేశంలో అటువంటిది అదే మొదటిది. అమెరికా ప్రభుత్వం సాయంతో నడిచేది. 2025 మొదట్లో అక్కడ సాయం ఆపేశారు, ఇక్కడ దవాఖానా మూతపడింది. తర్వాత వేరే దాతల సాయంతో వేరే పేరు మీద మళ్లీ తెరిచారు కానీ, ఆ మధ్యలో మందులు వాడేవాళ్ల సంగతి ఏమిటి? సాయం వద్దని మేమనడం లేదు. రివాల్వింగ్ ఫండ్ మనమూ తీసుకున్నాం. కానీ తమ పొదుపు తమ పుస్తకంలో ఉన్న సంఘాన్ని ఎక్కడో సంతకం పెట్టి ఒక్క రోజులో మూసేయలేరు.

కేరళలో మన సంఘాల లాంటివే కుటుంబశ్రీ సంఘాలు. అక్కడ వాటిని అయల్‌కూట్టం అంటారు, ఇరుగుపొరుగు కూటమి అని అర్థం. ట్రాన్స్‌జెండర్లకు కూడా అట్లాంటి కూటములు కట్టారు. 2017లో కొచ్చి మెట్రో రైలు మొదలైనప్పుడు కుటుంబశ్రీ ద్వారా ట్రాన్స్‌జెండర్లకు టికెట్ కౌంటర్లలో, శుభ్రం చేసే పనుల్లో ఉద్యోగాలిచ్చారు. దేశమంతా మెచ్చుకుంది. కొన్ని వారాలకే కొందరు ఉద్యోగం మానేశారు. కారణం పని రాక కాదు. ఊళ్లో వాళ్లకు ఇల్లు అద్దెకు ఇచ్చినవాళ్లు లేరు. ఉద్యోగం ప్రభుత్వం ఇవ్వగలదు. ఇల్లు ఇవ్వాల్సింది మన లాంటి ఇరుగుపొరుగువాళ్లే. మన సభ్యుల్లో కూడా పైన ఒక గది కట్టి అద్దెకిచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇక మన బస్తీ సంగతి. ఈ వాలంటీర్ అక్కలు ఇద్దరూ మన దగ్గరికి వచ్చింది రెండేళ్ల కింద. అంతకు ముందు వాళ్లు తమలో తాము ఏడేళ్లు చిట్టీ నడుపుకున్నారు. పుస్తకం లేదు, సంతకాల్లేవు, అంతా నోటి మాటే. చిట్టీ డబ్బులు ఉంచిన అక్క గుండెపోటుతో ఒక్క రాత్రిలో చనిపోయింది. ఇరవై ఏళ్లుగా మొహం చూడని పుట్టింటివాళ్లు మూడోరోజు వచ్చారు. పెట్టె, గొలుసు, డబ్బాలో ఉన్న చిట్టీ డబ్బులు అన్నీ తీసుకుపోయారు. మా డబ్బని పద్నాలుగు మంది మొత్తుకున్నా, కాగితం చూపించండి అన్నారు. చూపించడానికి కాగితం లేదు. పేరు రాస్తే భయం, రాయకపోతే ఇట్లా. అప్పుడు వచ్చారు మన దగ్గరికి, పుస్తకం రాయడం నేర్పండని.

మనం ఏం చేశాం? ఆ నెల మీటింగులో గొడవ గొడవ అయింది. వాళ్లొస్తే మేము రామని రెండు సంఘాలు అన్నాయి. పిల్లలు చూస్తారన్నారు, అప్పు కట్టకపోతే ఎవరు అడగాలన్నారు. "ఆడవాళ్ల సంఘం ఇది, వాళ్లు ఆడవాళ్లేనా?" అన్నారు. గట్టిగా మాట్లాడినవాళ్లలో మేమూ ఉన్నాం. చివరికి "తర్వాత చూద్దాం" అని తీర్మానం రాశాం. అయిదు నెలలు తర్వాత చూడలేదు. ఆ అయిదు నెలల్లో వాళ్లలో ఒక అమ్మాయి ఇంటి అడ్వాన్సు కోసం గిరిగిరి వాళ్ల దగ్గర అప్పు చేసి, కట్టలేక ఊరు వదిలిపోయింది. ఎక్కడుందో ఇప్పటికీ తెలియదు. మన దగ్గర రెండు రూపాయల వడ్డీకి దొరికే అప్పు అది.

ఆ తర్వాత కూడా మనసు మార్చుకున్నది అందరూ ఒక్కసారి కాదు. మన ఎరుకల అక్కల సంఘం ముందు లేచి, వాళ్లను చేర్చుకోకపోతే మా సంఘం పుస్తకం కూడా తీసుకోండి అంది. అప్పుడు చేతులెత్తించి లెక్కపెట్టాం. ఎత్తనివాళ్లు ఉన్నారు. వాళ్ల అభిప్రాయం వాళ్లది, ఇప్పుడు కూడా ఆ సంఘం మీటింగుకు రారు. కానీ మన సమాఖ్యలోనే ఉన్నారు.

పుస్తకం రాసేటప్పుడు ఏ పేరు రాయాలన్నది ఇంకో చిక్కు. ఆధార్‌లో ఒక పేరు, పిలిచేది ఒక పేరు. వాలంటీర్ అక్కలే దారి చెప్పారు. పొదుపు పుస్తకంలో, పాస్‌బుక్కులో పిలిచే పేరు. ఆధార్ పేరు బ్యాంకు ఫారం మీద మాత్రమే, ఆ కాపీలు వాళ్ల లీడరు దగ్గరే, మన బీరువాలో ఉండవు. పుస్తకం ఎవరికైనా చూపించాలంటే ముందు వాళ్ల సంఘం తీర్మానం చేయాలి. ఈ ఆఖరి నియమం మనకు లేదు. చూస్తే మనకూ ఉంటే బాగుండనిపించింది. మన పుస్తకాలు ఎవరు అడిగితే వాళ్లకు ఇచ్చేస్తున్నాం కదా.

బ్యాంకు ఖాతాకు నాలుగు నెలలు తిరిగాం. ఒక బ్యాంకులో ఫారంలో అట్లాంటి గడి లేదన్నారు. వాలంటీర్ అక్క సంచిలోంచి మడతపెట్టిన జిరాక్సు తీసింది. ఫారాల్లో మూడో లింగం అని గడి పెట్టమని 2015 ఏప్రిల్‌లోనే రిజర్వు బ్యాంకు అన్ని బ్యాంకులకూ చెప్పిన కాగితం అది. ఇన్నేళ్లుగా బ్యాంకుల చుట్టూ తిరుగుతున్న మాకు అట్లాంటి కాగితాలు ఉంటాయని కూడా తెలియదు. అక్కడ పని కాలేదు, వేరే బ్యాంకులో అయింది.

ఇప్పుడు వాళ్లు నెలకు 200 చొప్పున కడుతున్నారు. మొదటి అంతర్గత అప్పు టిఫిన్ బండి పెట్టిన అక్కకు ఇచ్చారు. పొద్దున ఆమె బండి దగ్గర ఇడ్లీ తినేవాళ్లలో, ఆ రోజు మీటింగులో గట్టిగా మాట్లాడిన మేమూ ఉంటున్నాం. వాలంటీర్లు ఇద్దరూ సంఘం లీడర్లయ్యారు. కానీ రెండేళ్లకు మారాలని ముందే రాయించుకున్నారు. గురువుల ఇంటి పద్ధతి ఇక్కడికి రాకూడదని వాళ్ల మాటే.

నానీ సంగతి చెప్పి ముగిస్తాం. మొదటి పేజీలో పది పేర్లున్నాయి. ఆరు నెలలు ఆమె ప్రతి మీటింగుకు వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది. డబ్బులు ఇచ్చేది, పేరు ఇచ్చేది కాదు. ఏడో నెలలో, "రాయి, కానీ పెన్నుతోని వద్దు. పెన్సిల్‌తోని రాయి" అంది. పదకొండో గడిలో పెన్సిల్‌తో రాశాం. మొన్న ఆడిట్‌కు వచ్చినాయన పెన్సిల్ రాత చెల్లదు, పెన్నుతో దిద్దండి అన్నాడు. ఆమె చెప్పినప్పుడే పెన్ను పెట్టాలని ఆ సంఘం, మన సమాఖ్య రెండూ తీర్మానం రాసి ఆయనకు చూపించాం. ఇంకా ఆమె చెప్పలేదు.